రాగి రంగు వేసిన రేకు

మూడో గని, రెండో మట్టం. మరమ్మతు బల్ల చిట్టా. రాస్తున్నది స్వరూప.

203వ రోజు

బల్ల మీదికి ఇవాళ నాలుగు వచ్చాయి. రెండు టార్చీలు, పుట్టగొడుగుల గదిలో తుంపర కొట్టే పంపు ఒకటి, తెగిన చెప్పు ఒకటి. ఇది చెప్పులు కుట్టే చోటు కాదని గోడ మీద పెద్దక్షరాలతో రాసి నాలుగేళ్ళయింది. అయినా ఎవరో ఒకరు చెమటకు నల్లబడ్డ చెప్పు తెచ్చి నా గంజి గిన్నె పక్కనే పెట్టి పోతారు.

చెప్పు అవతల పడేశాను. పంపులో వెంట్రుకలు చుట్టుకుంటే లాగేశాను. మొదటి టార్చికి సెల్లులు మార్చాను. రెండోది మొగిలి టార్చి.

మొగిలి అయిదో మట్టంలో నీళ్ళు తోడే పంపు చూసుకునేవాడు. గనిలో ఊరే నీళ్ళన్నీ అక్కడి గుంటలోకే చేరతాయి. పంపు ఆగితే ముందు నాలుగో మట్టంలో తిండి పండే గదులు మునుగుతాయి, ఆ తర్వాత మేముండే గదులు. తొమ్మిది రోజుల కింద మొగిలి ఆ గుంటలో పడి చచ్చిపోయాడు. అప్పుడు ఒక్కడే ఉన్నాడు. అతను టార్చిని కొట్టడం చూశామని ఎవరో చెబితే, కమిటీ అరగంటలో విచారణ ముగించింది. "టార్చిని రాయికేసి కొట్టి పాడుచేసుకున్నాడు. సొంత నిర్లక్ష్యం."

నిన్న బురద ఎత్తుతుంటే ఆ టార్చి దొరికిందట. స్టోరు వాళ్ళు చీటీ అంటించి పంపారు. "సెల్లులు తీసి, డొల్లను కరిగించడానికి పంపాలి."

వెనక మూత తిప్పాను. కుళ్ళిన గుడ్డు వాసన, దాని వెనకే పులిసిన గంజి వాసన. సెల్లులు కారిపోయి, తెల్లగా పచ్చగా పొక్కు కట్టాయి. స్ప్రింగు చుట్టూ నల్లటి జిగట, అందులో ఏదో సన్నటి పురుగు మెలికలు తిరుగుతోంది. పుల్లతో బయటికి లాగుతుంటే ఆ జిగట నా బొటనవేలి గోటి కిందికి పోయింది. నా వంతు సబ్బు అయిపోయింది. ఇసుకతో మూడుసార్లు తోముకున్నాను. ఇంకా వాసన వస్తూనే ఉంది.

డొల్లను మాత్రం కరిగించడానికి పంపలేదు. దాని మెడ మీద చిన్న గుండ్రటి ముద్ర ఉంది. 'స్వ'. పరీక్షించి పంపినదాన్ని నేనే.

204వ రోజు

ఇవాళ పైకి వెళ్ళే వంతు నాది. సూర్యుడు రాకముందే వెళ్ళి సోలార్ పలకల మీది దుమ్ము తుడిచి, గంటలోపు దిగిపోవాలి. తర్వాత పైన నిలబడితే చర్మం ఊడుతుంది. దిగేసరికి నా బల్ల దగ్గర మొగిలి భార్య లస్మక్క కూచుని ఉంది.

"ఆయన టార్చి వచ్చిందట గదా. ఏం దొరికింది అండ్ల?"

"బురద," అన్నాను.

"బురద ఉంటదని నాకెర్కనే. ఎందుకు ఆరిపోయిందో చూసినవా?"

చూడలేదన్నాను. లస్మక్క లేవలేదు. "ఆయన టార్చిని కొట్టిండు, నిజమే. నెల రోజుల సంది కొడుతుండు. కొడితే వెలుగుతుండె, లేకుంటే లేదు. వెలగకపోతే కొట్టడా మరి? స్టోరుకు రెండుసార్లు పోయిండు. సెల్లు మార్చి పంపిండ్రు."

నిర్లక్ష్యంతో చనిపోయినవాడి కుటుంబానికి పంకా గాలి తగిలే గది ఉండదు. అది ఇక్కడి నియమం. 212వ రోజుకల్లా లస్మక్క, ఆమె ఆరేళ్ళ కూతురు నాలుగో మట్టం పక్క సొరంగంలోకి మారాలి. ఆ పిల్లకు ఆయాసం. పంకా ఉన్న గదిలోనే రొప్పుతుంది. ఆ సొరంగంలో పెద్దవాళ్ళకే ఊపిరాడదు.

"చూస్తాను," అన్నాను, ఆమె అక్కణ్ణుంచి కదిలితే చాలని. రాయక తప్పదు కాబట్టి రాస్తున్నాను.

ఆమె వెళ్ళాక డొల్లను కడిగి ఆరబెట్టి, కొత్త సెల్లులు వేశాను. స్విచ్చి నొక్కితే వెలిగింది. కొంచెం ఊపితే ఆరిపోయింది. అరచేత్తో కొడితే మళ్ళీ వెలిగింది. స్ప్రింగును గీకి మెరిసేదాకా తుడిచాను, అదే వరస. బల్బు విప్పి నేరుగా సెల్లులకు తీగతో కలిపాను. ఎంత ఊపినా నిలకడగా వెలిగింది. సెల్లులు మంచివి, బల్బు మంచిది, స్ప్రింగు మంచిది. స్విచ్చిని తప్పించి తీగ పెట్టి చూశాను, అయినా మిణుకుమిణుకుమంటోంది. కాబట్టి స్విచ్చి కూడా మంచిదే.

మిగిలింది డొల్ల లోపల వెనక మూత నుంచి తల దాకా పోయే సన్నటి రాగి పట్టీ ఒక్కటే. అది జిగురు కింద ఉంటుంది. ఆ జిగురు విప్పే అధికారం బల్లకు లేదు, స్టోరుకే ఉంది.

205వ రోజు

విప్పాను.

పట్టీ చివర మూత దగ్గర కనిపిస్తుంది. సెల్లులు మార్చిన ప్రతిసారీ చూసిందే. ఎర్రగా, రాగిలాగే ఉంటుంది. పూర్తిగా బయటికి లాగి గోటితో గీస్తే ఎర్రదనం పొరలా లేచింది. కింద బూడిద రంగు. ఇంకొంచెం గీస్తే తుప్పు పొడి రాలి నా ఒళ్ళో పడింది.

ఇనుప రేకు. పాత డబ్బాలు కోసి తీసిన రేకు. పైన రాగి రంగు వేశారు. రంగు మీదుగా కరెంటు పోదు కాబట్టి సెల్లు తగిలే చోట, బల్బు తగిలే చోట మాత్రం రంగు గీకి వదిలారు. అంత జాగ్రత్తగా చేశారు. స్టోరులో ఆరునెలలు పొడిగా ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ రాదు. చెమట చేతుల్లోకి, అయిదో మట్టం తేమలోకి వెళితే ఆ గీకిన చోటే తుప్పు మొదలవుతుంది. కొడితే తుప్పు రాలి కాసేపు వెలుగుతుంది.

ఇక్కడ మంట నిషేధం. ఉన్న గాలి మనుషులకే చాలదు. గోడ దీపాలు రెండో మట్టంలో, మూడో మట్టంలో నడవాల వరకే. మిగతా గని అంతటికీ చేతి టార్చి ఒక్కటే దిక్కు. దానికి డబ్బా రేకు పెట్టి రంగు వేసిన మనిషి ఎవడో వాడి మొహం మీద ఉమ్మాలనిపించింది.

బల్ల దగ్గర ఉన్న ఇంకో మూడు టార్చీలు విప్పాను. మూడింట్లోనూ అదే రేకు.

206వ రోజు

చిట్టా వెనక్కి తిప్పి చూశాను. ఈ రకం టార్చీలు స్టోరులో తయారై బల్లకు పరీక్షకు వచ్చింది కిందటేడు 340వ రోజున. మొత్తం రెండొందల నలభై. అన్నీ ఒక్క షిఫ్టులో పరీక్షించి తిప్పి పంపినట్టు రాసి ఉంది. నా చేతిరాతే.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. ఎడమ చేత్తో వేయించిన చిక్కుడు గింజలు నములుతూ, కుడి చేత్తో నొక్కాను. వెలిగితే ముద్ర. నొక్కు, ముద్ర. నొక్కు, ముద్ర. మధ్యలో ఎవరో జోకు చెబితే నవ్వాను కూడా. ఒక్కటైనా విప్పి చూడాలని అనిపించలేదు. జిగురు విప్పకూడదనే నియమం నాకు భలే హాయిగా ఉండేది. విప్పనక్కర్లేదు కదా.

ఇవాళ పొద్దున్నుంచి ఆ గింజల రుచి నోట్లోకి వస్తోంది. రెండుసార్లు వాంతి చేసుకున్నాను.

207వ రోజు

స్టోరు చూసేది రాజేశం సార్. నాకు పద్నాలుగేళ్ళప్పుడు తీగ ఎలా ఒలవాలో, వేలు కాలకుండా ఎలా అతకాలో నేర్పింది ఆయనే. ఆయన చేతి పనిలో గీత వంకర పోదు. నిజానికి రేకు మీద రంగు చూసిన రోజే నాకు తెలుసు. అంచు దాటకుండా, కుంచె జాడ పడకుండా అంత శుభ్రంగా వేసే చెయ్యి ఈ గనిలో ఇంకొకటి లేదు. రెండు రోజులుగా దాన్ని గురించి ఆలోచించకుండా తప్పించుకు తిరిగాను.

రేకు తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన దాని వంక చూసి, లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు.

"విప్పినవా?"

"విప్పిన సార్."

"విప్పొద్దని తెల్వదా బిడ్డా నీకు?"

"రాగి ఏమైంది సార్?"

ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "కమిటీ అడిగింది. ఇచ్చిన. పైన ఎండ పట్టే అద్దాల పొయ్యిల నేనే కరగబోసిన. నాకు మాత్రం బాగనిపించిందా?"

"దేనికి అడిగిండ్రు?"

"నువ్వు రోజు చూస్తనే ఉన్నవ్ గదా. భోజనాల హాల్ల ఉన్నదే."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. భోజనాల హాలులో, గంజి పోసే కిటికీ పైన, యాభై ఏళ్ళ రాగి పలక ఉంది. మేం కిందికి దిగి యాభై ఏళ్ళయిన సందర్భంగా కిందటేడు బిగించారు. మూరెడు పొడవు, జానెడు పైన వెడల్పు. దాని మీద కమిటీ సభ్యుల పదకొండు పేర్లు, అన్నిటికంటే పైన అధ్యక్షుడు నరహరి సార్ పేరు. రోజూ ఒకరికి వంతు వేసి తుడిపిస్తారు. నా వంతు వచ్చినప్పుడు నేనూ తుడిచాను.

"మొగిలి చచ్చిపోయిండు సార్."

"నాకెర్కలేదా?" ఆయన గొంతు పెరిగి, మళ్ళీ తగ్గింది. "రేకుతోని ఒక్క ఏడు గడుస్తదనుకున్న. పైన పాత ఊర్లల్ల వెతికితే రాగి దొరుకుతది, అప్పుడు మారుస్త అనుకున్న. దొరకలే."

ఆయన దగ్గర రంగు వాసన వస్తోంది. చిన్నప్పుడు అది నాకు చాలా ఇష్టమైన వాసన. ముక్కు మూసుకుని బయటికొచ్చాను.

208వ రోజు

పంపు మూతి పూడుకుపోయింది. మొగిలి పోయినప్పటి నుంచి దాన్ని సరిగ్గా చూసినవాడే లేడు. నాలుగో మట్టం మెట్ల మీదికి నీళ్ళు వచ్చాయి. ఎల్లుండి పన్నెండు మందిని దింపి బురద తీయించాలని కమిటీ నిర్ణయించింది. పన్నెండు మంది చేతుల్లోనూ ఆ టార్చీలే. పేర్ల పట్టీ గోడకు అంటించారు. ఏడో పేరు లస్మక్కది.

వెంటనే ఆమె గదికి వెళ్ళాను. ఆమె బట్టలు మూటలు కడుతోంది. పిల్ల పంకా కింద చాప మీద పడుకుని ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా ఈల లాంటి చప్పుడు.

"నువ్వెందుకు పోతున్నవ్ అక్కా?"

"ఆ పంపు ఎట్ల తిప్పాల్నో ఆయన నాకు చెప్తుండె. ఇంకెవ్వరికి తెల్వదు. నేనే పేరు ఇచ్చిన."

అంతా చెప్పాను. రేకు, రంగు, పలక. చివరికి నా ముద్ర సంగతి కూడా. ఆమె మూట ముడి వేయడం ఆపి నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఒక్కటన్న ఇప్పి చూడలేదా?"

"లేదక్కా."

"ఒక్కటి?"

ఆమె మూట ముడి గట్టిగా బిగించి పక్కన పెట్టింది. తర్వాత, "పన్నెండు టార్చీలకు ఎంత రాగి కావాలె?" అని అడిగింది.

209వ రోజు

మధ్యాహ్నం గంజి వేళ, హాలు నిండా జనం ఉన్నప్పుడు వెళ్ళాం. నేను బల్ల ఈడ్చి కిటికీ కింద వేసి ఎక్కాను. లస్మక్క బల్లను కదలకుండా పట్టుకుంది. పలకకు నాలుగు మరలు. మొదటి మర సగం తిరిగేసరికి హాలులో మాటలు ఆగిపోయాయి.

నరహరి సార్ గిన్నె పట్టుకునే లేచాడు. "ఏమ్మా, ఎవరు తీయమన్నారు?"

జేబులోంచి రేకు తీసి కిందికి విసిరాను. ఎవరో వంగి తీసుకున్నారు. "మీ టార్చిల ఇదే ఉన్నది. రాగి ఇక్కడున్నది. మొగిలి టార్చి ఆరిపోయింది దీనివల్లనే. రేపు పన్నెండు మంది దిగుతున్నరు."

"దిగం," అన్నాడు కిందికి వెళ్ళాల్సిన వాళ్ళలో ఒకతను. రేకు చేతులు మారుతోంది. ఒక్కొక్కరూ గీసి చూస్తున్నారు. "ఇయి పట్టుకొని మేం దిగం. సార్, మీరు దిగుండ్రి."

నరహరి సార్ మొహంలో అయిదారు రంగులు మారాయి. ఆ మొహం చూస్తుంటే మర తిప్పుతున్న నా చెయ్యి ఆగిపోయింది. అంత మురికి పని అంత దగ్గరగా చూడడం నాకదే మొదటిసారి. కోపం పోయి, భయం వచ్చి, అదీ పోయి, చివరికి దయగల నవ్వు ఒకటి వచ్చి కూచుంది. గిన్నె కింద పెట్టి చేతులు జోడించాడు.

"ప్రజల అవసరం కంటే మా పేర్లు ఎక్కువా? ఈ పలకను రేపటి పని కోసం కమిటీ విరాళంగా ఇస్తోంది. ఆ మాట ప్రకటించాలనే ఇప్పుడు లేచాను."

ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు! నిజంగానే కొట్టారు. నేను మూడో మర తిప్పాను.

పలకను బల్ల మీద పరిచి కోయడం మొదలుపెట్టాను. నేను కోసిన మొదటి రెండు పట్టీలు వంకర పోయాయి. అప్పుడు రాజేశం సార్ వచ్చాడు. పిలవలేదు. ఎదురుగా కూచుని కత్తెర అందుకుని, గీత గీసి, కోయసాగాడు. లేచి పొమ్మందామని నోటిదాకా వచ్చింది. కానీ ఆయన కోసిన పట్టీ ప్రతిదీ సరిగ్గా గాడిలో కూచుంటోంది. పన్నెండు మంది ప్రాణాలు, ఉన్నవి ఆ చేతులే. నేను జిగురు విప్పి రేకు పీకాను, ఆయన పట్టీ కోశాడు, నేను బిగించాను. నాలుగు గంటల పాటు అదే వరస. పదమూడోది నా కోసం చేసుకున్నాను.

పోతూ పోతూ ఆయన, "నన్ను కూడా దింపమని అడుగుత," అన్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, మోకాళ్ళు పని చేయవు. అడ్డమవుతాడు తప్ప దేనికీ పనికిరాడు. వద్దన్నాను. దయతో అన్నది కాదు.

210వ రోజు

నేనూ దిగాను. ఎవరూ అడ్డు చెప్పలేదు.

నడుము దాకా బురద. అది మట్టి బురద కాదు. పై మట్టాల కాలువల్లోంచి మేమంతా యాభై ఏళ్ళుగా వదిలింది ఇది. కుళ్ళిన పుట్టగొడుగులు, వెంట్రుకలు, గుడ్డలు, పేరు పెట్టలేనివి ఇంకా ఎన్నో. అడుగు వేస్తే బుడగ లేచి పగులుతుంది, ఆ వాసన గొంతులోకి పోయి కూచుంటుంది. గోడల నిండా బొద్దింకలు. వెలుగు పడ్డ చోట పక్కకు జరిగి, వెలుగు పోగానే మళ్ళీ కమ్ముకుంటున్నాయి. మొగిలి దీనిలో, చీకట్లో, ఒక్కడే.

లస్మక్క ముందు నడిచింది. పంపు మూతి దగ్గరికి వెళ్ళి, భుజం దాకా చెయ్యి పెట్టి, తాడులా పేనుకుపోయిన వెంట్రుకల ముద్దను లాగింది. అది వెంటనే రాలేదు. నలుగురు కలిసి లాగితే వచ్చింది, మేక పిల్లంత ఉంది. దాని వెనక ఇంకొకటి. టార్చీలు పట్టుకున్న వాళ్ళు మొహం తిప్పుకుని వాంతులు చేసుకుంటున్నారు, చెయ్యి మాత్రం తిప్పలేదు. వెలుగులన్నీ ఆమె చేతుల మీదే ఉన్నాయి.

అయిదు గంటలు పట్టింది. ఒకసారి నా కాలు జారి, టార్చితో సహా మునిగాను. లేచేసరికి అది వెలుగుతూనే ఉంది. చివరికి లస్మక్క పంపు పిడిని సగం వెనక్కి తిప్పి, కాసేపు ఆగి, ముందుకు తోసింది. పంపు దగ్గింది, వణికింది, నీళ్ళు లాగడం మొదలుపెట్టింది.

"గిట్లనే చెప్పిండు," అంది లస్మక్క, తనలో తను అనుకున్నట్టు. బురద చేతులతోనే మొహం కప్పుకుంది. ఆమె పక్కకు ఒక అడుగు వేశాను. ఆమె జరిగిపోయింది.

212వ రోజు

నరహరి సార్ పిలిచి కాగితం ఇచ్చాడు. "మొగిలి మరణం ప్రమాదవశాత్తు జరిగింది. టార్చీల తయారీలో లోపమేదీ లేదని మరమ్మతు బల్ల ధ్రువీకరిస్తోంది." కింద నా సంతకానికి ఖాళీ.

"నిర్లక్ష్యం అనే మాట తీసేశాం," అన్నాడు. "ప్రమాదం అయితే కుటుంబానికి గది ఉంటుంది. నీ సంతకం లేకపోతే పాత విచారణే నిలుస్తుంది. మిగతా టార్చీలు కూడా నిదానంగా బాగుచేసుకో, ఎవరూ అడగరు."

"రేకు సంగతి రాయాలి సార్."

"ఏ రేకు?" అన్నాడు, అదే దయగల నవ్వుతో.

కాగితం పట్టుకుని లస్మక్క గదికి వెళ్ళి మొత్తం చదివి వినిపించాను. సంతకం పెట్టనని, సభ పెట్టించి అందరి ముందూ నిజం చెబుతానని, నా ముద్ర సంగతి కూడా చెబుతానని అన్నాను. చెబుతుంటే నా గొంతు నాకే కొంచెం గొప్పగా వినిపించింది.

"సంతకం పెడితే గది ఉంటదా?" అని మాత్రం అడిగింది.

"ఉంటది. కానీ అది అబద్ధం అక్కా."

"నాకెర్క. ఆయన ఎట్ల సచ్చిండో హాల్ల అందరికి ఎర్క. ఆ రేకు అందరు గీసి చూసిండ్రు." ఆమె పిల్ల వైపు చూసింది. "నిజం చెప్పి నువ్వు కడుక్కుంటవ్. నేను దీన్ని తీస్కొని ఆ సొరంగంలకు పోవాలె. నీ చేతులు కడుగుడు నా పని గాదు స్వరూపా. పెట్టు సంతకం. నువ్వు గలీజుగనే ఉండు."

ఆమె గడప మీద కూచునే సంతకం పెట్టాను. ఎప్పుడూ పెట్టే పొట్టి సంతకం కాదు, పూర్తి పేరు. అబద్ధానికి నా పూర్తి పేరు పెట్టడం ఇదే మొదలు.

అసలు జరిగింది ఈ చిట్టాలో ఉంది. కమిటీ ఇందులో సెల్లుల లెక్క తప్ప ఇంకేదీ చదవదు.

కాగితం ఇచ్చేసి తిరిగి వస్తూ ఆ గది ముందు నుంచే నడిచాను. వేరే దారి లేదు. లస్మక్క మూటలు విప్పి బట్టలు మళ్ళీ దండెం మీద వేస్తోంది. నీలం చొక్కా ఒకటి, మొగిలిదే కావచ్చు, మడత విప్పకుండా పక్కన పెట్టింది. పిల్ల పంకా కింద నిద్రపోతోంది. గది మీకే ఉందని చెబుదామని నిలబడ్డాను. ఆమె నన్ను చూసింది, లోపలికి రమ్మనలేదు. ఇంకో మూట ముందుకు లాక్కుని ముడి విప్పసాగింది.